ముళ్ల చెట్టుకి నీళ్లెన్ని? ఎడారి నేలల గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే సంగతి. వాన సరిగ్గా పడని, ఇసకో రాళ్లో తప్ప ఇంకేమీ లేని నేల, అందులో తుమ్మ, జమ్మి, అమెరికా ఎడారుల్లో పెరిగే మెస్కిట్ లాంటి ముళ్ల చెట్లు పెంచాలన్న కోరిక, ఆ తర్వాత ఏదో ఒక టెన్షన్. అన్నీ చదివాక ఒక్క ముక్క ముందే చెప్పేయాలనిపించింది. ఈ చెట్లు పసిమొక్కలుగా ఉన్నప్పుడు నీళ్లు చాలక పోతాయి, వేళ్లూనుకున్నాక నీళ్లు ఎక్కువై పాడవుతాయి. మనవాళ్లేమో మొదట్లో వదిలేసి, బతికిందని తెలిశాక ముద్దు చేస్తున్నారు.

ప్రశ్న: అకేషియా (తుమ్మ జాతి) గింజలు కుండీలో వేసి నెల దాటిందండీ. రోజూ తడుపుతున్నాను, ఒక్కటీ మొలవలేదు. గింజలు పాతవా, లేక నా హస్తవాసే మంచిది కాదా?

జవాబు: మీ హస్తవాసికి ఏమీ కాలేదు, గింజ పెంకే అంత గట్టిది. ఎడారిలో నాలుగు చినుకులు పడగానే మొలిచేస్తే ఆ వారం ఎండకే మాడిపోవాలి, అందుకే ఈ గింజలు తొందరపడవు. నీటిని లోపలికి పోనివ్వని పెంకుతో ఏళ్ల తరబడి మట్టిలో అలా పడి ఉంటాయి. వాగు వచ్చినప్పుడు రాళ్ల మధ్య దొర్లి గీసుకుపోతేనో, మేకలో జింకలో కాయలు తిని గింజల్ని పెంటలో వదిలేస్తేనో ఆ పెంకు లొంగుతుంది. ఆ పని ఇప్పుడు మీరు చేయాలి.

నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, ఒకటి రెండు నిమిషాలు ఆగి గింజలు అందులో వేసి రాత్రంతా వదిలేయండి. పొయ్యి మీదే ఉంచి ఉడికించకండి, ఉడికిన గింజ మొలవదు కదా. తెల్లారేసరికి కొన్ని బాగా ఉబ్బి ఉంటాయి, వాటిని వెంటనే నాటండి. ఉబ్బని వాటికి మళ్లీ అదే చేయొచ్చు. గింజలు కొన్నే ఉంటే నెయిల్ కట్టర్‌తో పెంకు మీద చిన్న గాటు పెట్టడమో, గరుకు కాగితం మీద రుద్దడమో ఇంకా నమ్మకమైన పద్ధతి. గింజ కన్ను ఉన్న వైపు మాత్రం ముట్టుకోవద్దు, మొలక వేరు వచ్చేది అక్కడినుంచే. గుండ్రంగా సన్న రంధ్రాలున్న గింజలు ముందే ఏరి పారేయండి, వాటిలో పప్పు పురుగు తినేసి ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి కుండీ. వెడల్పుది కాదు, లోతుది కావాలి, కనీసం 30 సెంటీమీటర్లు, 45 అయితే మరీ మంచిది. పైన బెత్తెడు మొక్క కనబడేసరికి కింద తల్లివేరు దానికి కొన్ని రెట్లు దిగిపోయి ఉంటుంది. అది అడుక్కి తగిలి చుట్టలు తిరగడం మొదలైతే ఆ వంకర చెట్టుకి జీవితాంతం ఉండిపోతుంది. మొలిచాక రోజూ తడపడం మానేయండి, పై మట్టి ఆరాకే నీళ్లు. లేదంటే మొలక మొదలు కుళ్లి పక్కకి వాలిపోతుంది.

ప్రశ్న: కరువుని తట్టుకునే చెట్టని చెప్పి ఇచ్చారు. నాటాక రెండు మూడుసార్లు నీళ్లు పోసి వదిలేశాను. మొదటి ఎండాకాలమే దాటలేదు. ఇది మోసం కాదా?

జవాబు: మోసం కాదు గానీ మీకు సగమే చెప్పారు. ఆ తట్టుకునే శక్తంతా వేళ్లలో ఉంది, అవి లోతుకి దిగేదాకా అది మామూలు మొక్కే. దిగాక మాత్రం సంగతి వేరు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్ దగ్గర గని తవ్వుతుంటే మెస్కిట్ వేరు 53 మీటర్ల లోతులో కనబడింది. నైజర్ దేశంలో టెనెరే ఎడారి మధ్య ఒంటరిగా ఒక అకేషియా ఉండేది, కనుచూపు మేరలో ఇంకో చెట్టు లేదు, ఒంటె బిడారులకి అదే గుర్తు. 1938-39 చలికాలంలో దాని పక్కన బావి తవ్వితే, 30 మీటర్లకి పైగా కింద ఉన్న నీటిని దాని వేళ్లు అందుకున్నట్టు తేలింది. అన్ని కరువులు చూసిన ఆ చెట్టుని చివరికి 1973లో ఒక లారీ గుద్ది పడేసింది, అంత ఖాళీ ఎడారిలో!

మరి నర్సరీ నుంచి వచ్చిన మీ మొక్క వేళ్లు ఎంత? జానెడు మట్టిముద్దలో ఉన్నంతే. చుట్టూ ఉన్న నేలలోకి అవి పాకేదాకా ఆ ముద్దలో తేమ మీరే చూసుకోవాలి. నాటిన మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు, అలా ఎడం పెంచుకుంటూ వెళ్లి మొదటి ఎండాకాలంలో వారానికి ఒకసారి, రెండో ఎండాకాలంలో పది పదిహేను రోజులకి ఒకసారి, మూడో ఏడాది తర్వాత మండే నెలల్లో మూడు నాలుగు వారాలకి ఒకసారి చాలు. ఇది ఉజ్జాయింపు లెక్క, ఉత్త ఇసక నేలైతే కాస్త దగ్గర చేయండి, బంకమట్టి కలిసి ఉంటే ఇంకా దూరం చేయండి.

ఎన్ని రోజులకి పోశారన్నదానికంటే ఎంత లోతుకి దిగిందన్నది చూసుకోవాలి. రోజూ చెంబుడు పోస్తే పై మట్టి తడుస్తుంది, వేళ్లు పైపైనే తిరుగుతాయి, మీరు నాలుగు రోజులు ఊరెళ్తే చెట్టు వాడిపోతుంది. పోసినప్పుడు 60 నుంచి 90 సెంటీమీటర్ల లోతు దాకా దిగేలా నిదానంగా పోయాలి. పోసిన మర్నాడు సన్నటి ఇనుప చువ్వ గుచ్చి చూడండి, తడిసిన మేర సులువుగా దిగుతుంది, పొడి తగలగానే ఆగిపోతుంది. పాదు కూడా మొదలు చుట్టూనే ఉంచేసి మర్చిపోకండి. కొమ్మలు ఎంత దూరం పరుచుకుంటే పాదు అంత దూరం జరగాలి, మొదలు పొడిగా ఉండాలి.

రోజూ చూసుకోలేని వాళ్లకి పాత పద్ధతి ఒకటుంది. మెరుగు పూయని మట్టికుండని మొక్క పక్కన మెడదాకా పాతి, నీళ్లు నింపి, మూత పెట్టేయడమే. కుండ గోడల్లోంచి నీరు మెల్లగా ఊరుతూ వేళ్లకి అందుతుంది, ఆవిరై పోయేది తక్కువ. ఉప్పు నీళ్లయితే కుండ రంధ్రాలు త్వరగా పూడిపోతాయి, అది చూసుకోండి.

ప్రశ్న: మా మెస్కిట్ మూడేళ్లలో ఇంటి కప్పుని దాటింది. డ్రిప్ ఉంది, పక్కనే లాన్ కూడా ఉంది. మొన్న గాలివానకి వేళ్లతో సహా పడిపోయింది. అంత ఏపుగా పెరిగిన చెట్టు ఎలా పడింది?

జవాబు: ఏపుగా పెరగడం వల్లే పడింది. ఏం దొరికినా దొరక్కపోయినా బతకడానికి తయారైన చెట్టుకి మీరు రోజూ విందు పెట్టారు. లాన్ నీళ్లు, దానికి వేసిన ఎరువు, పైన డ్రిప్. వేరు లోతుకి వెళ్లాల్సిన అవసరమే రాలేదు, పైన మాత్రం గుబురు బరువెక్కిపోయింది. ఎడారి ఊళ్లలో గాలివాన వెలిసిన మర్నాడు రోడ్ల మీద పడి ఉండే చెట్లలో ఇలాంటివి చాలా ఉంటాయి.

పడిన చెట్టు వేళ్లు ఒకసారి చూడండి. కుండీ ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉంటే తప్పు కొన్న రోజే మొదలైంది. అందుకే ఈ జాతుల్లో ఎప్పుడూ చిన్న మొక్కనే కొనమంటాను. పెద్ద కుండీలో ఏళ్లు గడిపిన ఆరడుగుల చెట్టు చూడ్డానికి బాగుంటుంది గానీ, జానెడు మొక్క కొన్నేళ్లలో దాన్ని అందుకుంటుంది, గట్టిగా కూడా నిలబడుతుంది.

ఊతకర్ర సంగతి మీరు రాయలేదు. చాలామంది కాండాన్ని కర్రకి బిగించి కట్టి ఏళ్ల తరబడి వదిలేస్తారు. చెట్టు గాలికి కాస్త ఊగితేనే కాండం లావవుతుంది, వేరు పట్టు బిగుస్తుంది. కట్టాల్సి వస్తే రెండు కర్రలు, మధ్యలో వదులుగా మెత్తటి పట్టీ, ఏడాది తిరిగేసరికి తీసేయాలి.

ఈసారి నాటేది లాన్‌కి దూరంగా నాటండి. కొమ్మలు పలచన చేయాలంటే ఒక ఏడాదిలో నాలుగో వంతు మించి కోయొద్దు. అదీ కొమ్మ చివర కుచ్చు మాత్రం మిగిల్చి లోపలంతా గొరిగేసే పద్ధతిలో వద్దు, గాలికి ఆ కొమ్మలే ముందు విరుగుతాయి. నడి ఎండాకాలంలో అస్సలు కోయొద్దు. అన్నాళ్లూ నీడలో ఉన్న బెరడు ఒక్కసారి ఎండకి కాలి పగులుతుంది, ఆ పగుళ్లలోకి పురుగు దిగుతుంది.

ప్రశ్న: త్వరగా పెరిగి, నీళ్లడగని, మేకలు ముట్టుకోని చెట్టు కావాలి. సర్కారు తుమ్మ వేసేయమంటున్నారు. వేయమంటారా?

జవాబు: వద్దు. మీరడిగిన గుణాలన్నీ దానికి ఉన్నాయి, ఇబ్బంది కూడా వాటితోనే. మధ్య, దక్షిణ అమెరికా వైపు నుంచి వచ్చిన ఈ ప్రోసోపిస్ జూలీఫ్లోరాని 1877లో మన దేశానికి తెచ్చారు, బంజరు నేలలు పచ్చబడతాయని, వంటచెరకు దొరుకుతుందని. రెండూ జరిగాయి, అక్కడితో ఆగలేదు. మేకలు ఆకు ముట్టవు గానీ తియ్యటి కాయలు ఇష్టంగా తిని గింజల్ని ఊరంతా చల్లుతాయి. నరికితే మొద్దునుంచి పది కొమ్మలు లేస్తాయి, వేరు మొదలు తవ్వి తీస్తే తప్ప పోదు. ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో పశువుల మేత భూముల్ని ఇది ఆక్రమించేసింది. కెన్యాలోని బరింగోలో ఈ కాయలు తిని మేకల పళ్లు ఊడిపోతున్నాయని జనం కోర్టుకెక్కారు. ప్రపంచంలోని 100 చెడ్డ చొరబాటు జాతుల జాబితాలో దీని దగ్గరి చుట్టం ప్రోసోపిస్ గ్లాండులోసా పేరు కూడా ఉంది.

అలాగని సర్కారు తుమ్మ ఒక్కటే దుర్మార్గురాలనీ కాదు. మన నల్ల తుమ్మ ఇక్కడ మర్యాదగల చెట్టు, అదే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పచ్చిక మైదానాల్ని మింగేసే కలుపు. కాబట్టి నన్నడిగితే ముందు చూడాల్సింది ఏ చెట్టు గొప్పదని కాదు, ఆ నేలలో ఏది తనంతట తాను మొలుస్తోందని. థార్ ఎడారి అంచుల్లో అయితే జమ్మి, గార, నేల రేగు. జమ్మి నిదానంగా పెరుగుతుంది, నిజమే, కానీ దాని కింద పైరు కూడా పండుతుంది, అరేబియా ఎడారుల్లోనూ బతుకుతుంది, యూఏఈకి జాతీయ వృక్షం అదే. గొడుగులా పరుచుకునే అకేషియా టార్టిలిస్‌ని 1958లో ఇజ్రాయెల్ నుంచి తెచ్చి రాజస్థాన్‌లో ఇసక దిబ్బలు కదలకుండా ఆపడానికి వాడారు, పెరుగుదలలో అది జమ్మి కంటే చురుకు. అమెరికా, మెక్సికోల్లో పరుచుకున్న సోనోరన్ ఎడారిలో మెస్కిట్, పాలో వెర్డే. పాలో వెర్డే బెరడే ఆకుపచ్చగా ఉంటుంది, ఆకులు రాలిపోయినా బెరడుతోనే ఆహారం తయారుచేసుకుంటుంది. సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ నేలల్లో అయితే గమ్ అరబిక్ జిగురు ఇచ్చే అకేషియా సెనెగల్ ఉండనే ఉంది.

తొందరగా నీడ కావాలనుకునే వాళ్లకి నా మాట నచ్చదని తెలుసు. ఎడారిలో పదేళ్లు పెద్ద సమయం కాదండీ.

ప్రశ్న: గొయ్యిలో పెంటెరువు, కొబ్బరి పీచు కలిపి నింపాలా?

జవాబు: అక్కర్లేదు. మెత్తటి ఎరువు మట్టి ఆ గోతిలోనే ఉంటే వేళ్లు బయటి గట్టి నేలలోకి వెళ్లడానికి బద్ధకిస్తాయి. తీసిన మట్టే తిరిగి పోయండి. గొయ్యి లోతు మట్టిముద్ద ఎంతుంటే అంతే, వెడల్పు మాత్రం దానికి మూడు నాలుగు రెట్లు. తుమ్మ, జమ్మి, మెస్కిట్ అన్నీ చిక్కుడు కుటుంబం, వేళ్ల మీది బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియాతో నత్రజని సంపాదించుకుంటాయి, యూరియా వేస్తే దండగ. రేగుకి, గారకి ఆ సౌకర్యం లేదు, అయినా అవీ అడగవు.

చూడాల్సింది ఇంకోటుంది. చాలా ఎడారి నేలల్లో కాస్త కిందనే సున్నపు పొర రాయిలా గట్టిపడి ఉంటుంది. గొయ్యి తవ్వాక నీళ్లతో నింపండి. ఒక రోజు గడిచినా నీరు నిలిచే ఉంటే ఆ పొరని గునపంతో పూర్తిగా పొడిచి కింద దారి చేయాలి, కుదరకపోతే చోటు మార్చాలి. నీరు ఇంకని గోతిలో ఎడారి చెట్టు నాటితే మునిగి చస్తుంది.

ప్రశ్న: మే నెలలో మా చెట్టు ఆకులన్నీ రాల్చేసింది. చనిపోయినట్టేనా?

జవాబు: కంగారుపడకండి, నీళ్లూ గుమ్మరించకండి. ఆకులుంటే నీరు ఆవిరవుతుంది, అందుకే నీరు కరువైనప్పుడు ఇవి ఆకులు వదిలేస్తాయి. చిన్న కొమ్మ మీద గోటితో గీరి చూడండి, లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. ఒకసారి లోతుగా తడిపి ఊరుకోండి. ఆఫ్రికాలో ఫైదెర్బియా అనే ముళ్ల చెట్టు ఇంకా విచిత్రం, వానాకాలంలో మోడుగా నిలబడి ఎండాకాలంలో చిగురిస్తుంది. సాహెల్ రైతులు దాని కిందే జొన్నలు, సజ్జలు వేస్తారు, పైరుకి ఎండ కావాల్సిన రోజుల్లో చెట్టు నీడ అడ్డురాదు.

ప్రశ్న: గేటు పక్కనే నాటాం. ఇప్పుడు పిల్లలకి గుచ్చుకుంటోంది, కారు టైర్లు కూడా పంక్చర్ అవుతున్నాయి. ముళ్లు కత్తిరించేయొచ్చా?

జవాబు: కత్తిరించొచ్చు, కొత్త కొమ్మకి కొత్త ముళ్లొస్తాయి. ముళ్లు ఎక్కువగా ఉండేది లేత వయసులో, అదీ జంతువుల నోటికి అందే ఎత్తులో. కెన్యాలో కొన్ని అకేషియాల చుట్టూ కంచె వేసి ఏనుగులు, జిరాఫీలు రాకుండా చేస్తే కొన్నేళ్లకి కొత్త ముళ్లు పొట్టిగా రావడం చూశారు. మీరు కసికొద్దీ గొరిగేస్తే చెట్టు మిమ్మల్ని కూడా మేకల లెక్కలోనే వేసుకుంటుంది, మొదలునుంచి నీరు కొమ్మలు లేచి, వాటికి పొడుగాటి ముళ్లు వస్తాయి. అందుకని ఏటా కింది కొమ్మలు ఒకటి రెండు తీస్తూ గుబురుని మనిషెత్తు దాటించండి. కోసిన కంప ఒక్క పుల్ల కూడా నేల మీద ఉంచకండి, ఎండిన ముల్లు ఏళ్ల తరబడి గట్టిగానే ఉండి టైరు కోసం ఎదురుచూస్తుంది. చెత్తలో వేసే బదులు కొత్త మొక్కల చుట్టూ కంచెగా పాతండి, మేకలకి అంతకంటే మంచి అడ్డు లేదు.

ఇంకా నాటని వాళ్లు దారికి, పార్కింగ్‌కి నాలుగైదు మీటర్ల దూరం పాటించండి. పాలో వెర్డేలో డెజర్ట్ మ్యూజియం అనే సంకర రకానికి ముళ్లు దాదాపు ఉండవు, అది దొరికే చోట గేటు దగ్గర అదే మేలు.

పిల్లల విషయంలో ఒక జాగ్రత్త. ముల్లు వేలి కణుపులోనో మోకాలి దగ్గరో దిగి మొన లోపల విరిగిపోతే, పైగాయం మానినా వారాల తర్వాత కూడా కీలు వాచి ఉండొచ్చు. ఎక్స్‌రేలో ఇలాంటి ముల్లు ముక్క సాధారణంగా కనబడదు. డాక్టరుకి ముల్లు గుచ్చుకున్న సంగతి మీరే గుర్తుచేసి చెప్పాలి, అల్ట్రాసౌండ్‌లో దొరికే అవకాశం ఉంది. టీటీ ఇంజెక్షన్ కూడా చూసుకోండి. కోసేటప్పుడు కళ్లద్దాలు, తోలు చేతి తొడుగులు తప్పనిసరి.

ప్రశ్న: ఎకరాల్లో ఉన్న బీడు. బోరు లేదు, ట్యాంకరు తెప్పించే స్తోమత లేదు. నాలుగు వానలు పడితే అదే గొప్ప. అసలు సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. అయితే మొక్కలు తెచ్చి నాటే ముందు ఒక పని చేయండి, నేలంతా తిరిగి పాత మొద్దులు, పశువులు కొరికి కొరికి పొదల్లా మిగిలినవి ఎన్ని ఉన్నాయో చూడండి. కింద బతికున్న వేరుంటే మీ పని సగం అయిపోయినట్టే. నైజర్ దేశంలో మరాడి ప్రాంతంలో 1980లలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా వ్యవసాయ నిపుణుడు మొక్కలు నాటించి నాటించి, అవి బతక్క విసిగిపోయి, ఈ మొద్దుల మీదే దృష్టి పెట్టాడు. ఒక్కో మొద్దుకి లేచిన కొమ్మల్లో బలంగా ఉన్న కొన్నిటిని ఉంచి మిగతావి కోసేసి, పశువుల్నీ గొడ్డలినీ దూరంగా ఉంచడం, అంతే. ఆ దేశంలో 50 లక్షల హెక్టార్లకి పైగా చెట్లు తిరిగొచ్చాయి, నర్సరీ లేదు, ట్యాంకరు లేదు. ఆయనకి 2018లో రైట్ లైవ్లీహుడ్ అవార్డు ఇచ్చారు. అదే ఏడాది అదే అవార్డు అందుకున్న మరో మనిషి బుర్కినా ఫాసో రైతు యాకూబా సవడోగో. ఆయనది గుంతల పద్ధతి, జాయ్ అంటారు. వానకి ముందే గట్టినేలలో 20-30 సెంటీమీటర్ల వెడల్పు, 10-20 సెంటీమీటర్ల లోతు గుంతలు తీసి పిడికెడు పెంట వేస్తారు. పెంట కోసం చెదలు వస్తాయి, అవి చేసే సొరంగాల్లోంచి వాన నీరు లోపలికి ఇంకుతుంది. ధాన్యం కోసం తీసిన ఆ గుంతల్లో పెంటతో వచ్చిన గింజలు మొలిచి చెట్లయ్యాయి, ఆయన వాటిని పీకకుండా ఉంచి అడవిని చేశాడు.

మొద్దులేమీ లేకపోతే, నేలకి కాస్త వాలు ఉంటే, వజ్రం ఆకారంలో చిన్న చిన్న మడులుగా మట్టికట్టలు వేయండి. కట్ట ఎత్తు కనీసం 25 సెంటీమీటర్లు. ప్రతి మడిలో పల్లపు మూల 40 సెంటీమీటర్ల లోతు గుంత తీసి మొక్కని అక్కడ పెట్టాలి, గుంత మధ్యలో కాకుండా అంచున. మడి మీద పడ్డ వానంతా జారి ఆ మూలకి చేరుతుంది. ఏడాదికి 150 మిల్లీమీటర్ల వాన పడే చోట కూడా ఈ పద్ధతి పనిచేస్తుంది. వాన ఎంత తక్కువైతే మడి అంత పెద్దది, చెట్లు అంత తక్కువ. ఇక్కడే ఆశపడి చాలామంది చెడగొట్టుకుంటారు, ఎకరానికి ఇన్ని వందలని లెక్కేసి కిక్కిరిసి నాటేస్తారు, నాలుగో ఏట చెట్లన్నీ ఒకదాని నీళ్ల కోసం ఇంకొకటి కొట్టుకుంటాయి. మొదటి మంచి వాన పడి నేల లోతుగా తడిశాకే నాటండి, చినుకు చూసి కాదు. మొదటి ఏడాది పశువులు రాకుండా చూసుకోగలిగినంత మేరే మొదలుపెట్టండి.

ప్రశ్న: చెట్టు మీద వేరే రకం ఆకులతో గుత్తులు గుత్తులుగా ఏదో పెరుగుతోంది. బదనికంటున్నారు. చెట్టు మొత్తం కొట్టేయమని సలహా.

జవాబు: కొట్టేయకండి. పిట్టలు పండు తిని గింజని కొమ్మకి అంటిస్తాయి, బదనిక అలా వస్తుంది. అది చిన్న కొమ్మ మీద ఉంటే, అతుక్కున్న చోటికి 30 సెంటీమీటర్లు కిందకి, అంటే కాండం వైపుకి జరిగి, కొమ్మ కోసేయండి. పెద్ద కొమ్మ మీదో మొదలు మీదో ఉంటే కొమ్మని ముట్టుకోకుండా బదనికని మాత్రం ఏటా పండ్లు రాకముందే తుంచేస్తూ ఉండండి. వేరు లోపల మిగిలిపోతుంది కాబట్టి మళ్లీ వస్తుంది, మళ్లీ తుంచండి. బలంగా ఉన్న చెట్టు కొద్దిపాటి బదనికతో ఏళ్లూ పూళ్లూ బతుకుతుంది.